పెద్ద రెయిజుకు రాణులు పారేయాలా?

"పెద్ద రెయిజు వచ్చిందంటే రాణుల జతయినా సరే, పారేయడమే తెలివి." బెంగళూరులో తెలుగువాళ్లు నలుగురు చేరే పోకర్ బల్లల దగ్గర ఈ మాట ఇప్పుడు శిలాశాసనం. తలా రెండు ముక్కలు పంచే ఈ ఆటలో పందెం పెంచడం రెయిజు, అంతకంత పెట్టి నిలబడడం కాల్. మొన్న మహదేవపుర వైపు ఒక అపార్ట్‌మెంటులో, ఐదువందల రూపాయల రుసుముతో ఆడిన టోర్నమెంటులో దాన్ని అక్షరాలా పాటించిన ఒంగోలు కుర్రాడిని చూశాను. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టవలసిన పందేలు, 500, 1,000 దగ్గర ఉన్నాయి, బల్ల అంతటికీ కలిపి పెట్టే యాంటీ ఇంకో 1,000. అతని ముందు పద్దెనిమిది వేల చిప్పులు. మొదట మాట్లాడవలసిన స్థానంలో ఉన్న పెద్దమనిషి సరిగ్గా అంతే మొత్తంతో ఆల్ ఇన్ అన్నాడు, అంటే ఉన్న చిప్పులన్నీ ఒడ్డేశాడు. కుర్రాడు కాసేపు గడ్డం గోక్కుని, రెండు రాణులనూ అందరికీ కనబడేలా తిప్పి మధ్యలోకి తోసేశాడు. "అబ్బ, ఎంత నిగ్రహమండీ!" అంటూ చుట్టూ మెచ్చుకోళ్లు. ఆల్ ఇన్ అన్న ఆయన మాత్రం తన ముక్కలు చూపించలేదు. చిప్పులు దగ్గరకు లాక్కుంటూ, "మంచి పని చేశావు తమ్ముడూ" అన్నాడు. పేకాటలో ఎదుటివాడు మన ఆటను మెచ్చుకుంటే ఒకసారి జేబు తడిమి చూసుకోవాలని నా నమ్మకం.

ఆ మెచ్చుకోళ్లలో నేను గొంతు కలపలేదు. దాంతో వాదన మొదలై బిరియానీ పొట్లాలు విప్పేదాకా సాగింది, అప్పటికీ తేలలేదు. నోటితో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ఇది. చిన్న పందేల టోర్నమెంట్లలో ఫ్లాపుకు, అంటే అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు బల్ల మీద తెరవడానికి, ముందు పడే మొదటి పెద్ద రెయిజు చాలాసార్లు భయంలోంచి పుడుతుంది. బలం ఉన్నవాడి రెయిజు చిన్నగా, నింపాదిగా, తరచుగా రెండో విడతలో వస్తుంది. మనవాళ్లు మొదటిదాన్ని చూసి వణికిపోతారు, రెండోదాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటారు. పారేయవలసిన చోట పట్టుకుని కూర్చోవడం, పట్టుకోవలసిన చోట పారేయడం అక్కడి నుంచే వస్తున్నాయి.

ఆసుల జత గురించి చెప్పడానికేమీ లేదు, అన్నీ మధ్యలోకి తోసేయడమే. రాజుల జత గురించి కూడా క్లుప్తంగానే చెబుతాను. తొమ్మిది మంది కూర్చున్న బల్ల మీద మీకు రాజులు వచ్చినప్పుడు మిగతా ఎనిమిది మందిలో ఎవరో ఒకరికి ఆసులు పడే అవకాశం నూటికి నాలుగు కూడా లేదు. ఎదుటివాడు ఆసులు, రాజులు, రాణులు, ఆసు-రాజు తప్ప ఇంక దేనితోనూ చిప్పులన్నీ తోయని పరమ జాగ్రత్తపరుడని అనుకున్నా, రాజుల జత అతని మీద వందకు 57 సార్లు గెలుస్తుంది. ఐదువందల రూపాయల ఆటలో అంత జాగ్రత్తపరుడు దొరకడమే అరుదు. రాజులు పట్టుకుని "ఆసులున్నాయేమో" అని పారేసేవాళ్లతో నాకు వాదన లేదు, వాళ్లు నా బల్ల దగ్గరే కూర్చోవాలని మాత్రం కోరుకుంటాను.

అసలు గొడవంతా రాణులతోనూ జాకీలతోనూ.

మూడువందల కోసం పద్దెనిమిదివందలు

ఆట మొదలైన కొత్తలో, 100, 200 బ్లైండ్ల దగ్గర, అందరి ముందూ ఇరవై వేల చిప్పులు ఉన్నప్పటి సంగతి చూడండి. అప్పటిదాకా 500కో 600కో రెయిజు చేస్తూ వచ్చిన మనిషి ఉన్నట్టుండి 1,800 ముందుకు తోస్తాడు. మధ్యలో ఉన్నది మూడువందలే. ఆ మూడువందల కోసం పద్దెనిమిదివందలు ఒడ్డాలని ఏ లెక్కా చెప్పదు. మరి ఎందుకు తోశాడు?

ఆసులు పట్టినవాడికి ఎవరో ఒకరు వెంట రావాలి. అందరూ పారేస్తే అతనికి దక్కేది ఆ మూడువందలే, దానికి రాత్రంతా బాధపడతాడు. ఎవరూ రాకూడదని దేవుణ్ణి మొక్కుకునేవాడు వేరే ఉన్నాడు. అతని చేతిలో జాకీలో, పదులో, మహా అయితే ఆసు-రాజో ఉంటాయి. అతని భయం అకారణమని నేను అనను. జాకీల జత పట్టుకుని ఫ్లాపు చూస్తే రాణి, రాజు, ఆసులలో ఒక్కటైనా పడే అవకాశం వందకు 57. రాణులకైతే 41, రాజులకైతే 23. జాకీలు పట్టినవాడు ఫ్లాపు చూడకుండానే ఆట ముగించాలనుకోవడం అందుకే. అలా అనుకున్నప్పుడు చెయ్యి దానంతటదే ఎక్కువ చిప్పుల మీదకు పోతుంది.

మాతో ఆడే విజయవాడ మిత్రుడొకరు ఈ విషయంలో మరీ అమాయకులు. ఒకసారి అలాగే పెద్ద బ్లైండుకు తొమ్మిది రెట్లు తోస్తూ, "ఈ జాకీలంత దిక్కుమాలిన ముక్కలు లేవండీ, అందరూ తప్పుకుంటే బతికిపోతాను" అని పైకే అనేశారు. అందరూ నవ్వారు. అది ఆయన వేసిన ఎత్తేమోనన్న అనుమానంతో అందరూ పారేశారు కూడా. ఆయన ముక్కలు తిప్పి చూపిస్తే నిజంగానే రెండు జాకీలు! అదంతా కళ్లారా చూసిన జనమే, పది నిమిషాల తర్వాత ఇంకొకరు అలాంటి రెయిజే చేస్తే "ఇవి ఆసులేనండీ, అనుమానం లేదు" అని వరసగా చేతులెత్తేశారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని లేవనెత్తింది మా నెల్లూరు మిత్రుడు, మాలో లెక్కలు బాగా తెలిసినవాడు ఆయనే. ఈ బల్లల దగ్గర చిన్న రెయిజు చేస్తే ఐదుగురు వెంట వస్తారు. ఆసులు ఒక్కడి మీద వందకు 85 సార్లు గెలుస్తాయి గానీ, నలుగురు ఏవో ఒక ముక్కలతో వచ్చి కూర్చుంటే గెలుపు 56కు జారిపోతుంది. ఆ సంగతి తెలిసినవాడు ఆసులతోనూ పెద్దగానే పెంచుతాడు కదా అన్నది ఆయన ప్రశ్న. నిజమే, తెలిసినవాడు పెంచుతాడు. కానీ తెలిసినవాడు ప్రతి మంచి చేతినీ అదే కొలతతో పెంచుతాడు. సాయంత్రం నుంచీ ఎనిమిది రెట్లకు తక్కువ పెంచని మనిషి ఎనిమిది రెట్లు పెంచితే అందులో మనకు అందే కబురేమీ లేదు. నేను మాట్లాడుతున్నది హఠాత్తుగా ఉబ్బిన రెయిజు గురించి. నిన్నటిదాకా మూడు రెట్లు, ఈ ఒక్క చేతికి తొమ్మిది రెట్లు అంటే ఆ తేడా ఏదో చెబుతోంది. అది చెప్పేది "నా దగ్గర ఆసులున్నాయి" అన్న మాటేనని మనవాళ్లకు ఎవరు నేర్పారో తెలియదు.

డ్రాపు పుణ్యం

ఎవరు నేర్పారో తెలియదన్నాను గానీ, నాకో అనుమానం ఉంది. మనవాళ్లలో ఎక్కువమంది చేతికి పేక మొదట రమ్మీగానే అలవాటైంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1960ల చివర్లో రమ్మీని నైపుణ్యపు ఆటగా గుర్తించినప్పుడు, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడం అందులోని పనితనమని చెప్పింది. ఆ పనితనంలో పెద్ద భాగం అసలు ఆడకుండా తప్పుకోవడంలో, అంటే డ్రాపులో, ఉందని ఆడేవాళ్లందరికీ తెలుసు. మొదటే దిగిపోతే పోయేది 20 పాయింట్లు, మధ్యలో దిగితే 40, చివరిదాకా కూర్చుని మునిగితే 80. కాబట్టి మా నాన్నల తరం నుంచీ డ్రాపు చేసినవాడు బుద్ధిమంతుడు, ఆశపడి కూర్చున్నవాడు అప్రయోజకుడు.

ఆ పుణ్యఫలాన్నే మనవాళ్లు పోకర్ బల్ల దగ్గరకు మోసుకొచ్చారు. అయితే రమ్మీలో డ్రాపు చేసేది చేయి బాగోలేనప్పుడు. పదమూడు ముక్కలూ విప్పి చూసుకుని, జోకరు లేదు, ప్యూర్ సీక్వెన్స్ కుదిరే దారి లేదు అని తేల్చుకున్నాక దిగిపోతాం. రాణుల జతను పారేయడం, ప్యూర్ సీక్వెన్స్‌తో పాటు రెండు జోకర్లు చేతిలో ఉండగా ఎదుటివాడు ముక్కను కాస్త గట్టిగా కొట్టాడని డ్రాపు అనడం లాంటిది. రమ్మీ బల్ల దగ్గర అలా చేస్తే ఇంటికి వెళ్లి పడుకోమంటారు. పోకర్ బల్ల దగ్గర నిగ్రహమంటున్నారు.

రమ్మీలో డ్రాపు చేస్తే పుస్తకంలో 20 అని వెంటనే రాస్తారు, ఖర్చు కంటికి కనబడుతుంది. పోకర్‌లో పారేసిన చేతికి ఎవరూ ఏమీ రాసుకోరు. అందుకే అది ఉచితమనిపిస్తుంది.

ఆగితే ఏమవుతుంది

"ఇంతకంటే మంచి అవకాశం వస్తుంది, ఆగుదాం" అన్నది ఒంగోలు కుర్రాడి సమాధానం. ఎంతసేపు ఆగాలో చూద్దాం. రెండు ముక్కలు కలిసే తీరులు మొత్తం 1,326. వాటిలో రాణులు, రాజులు, ఆసుల జతలు కలిపి 18. అంటే 74 పంపకాలకు ఒకసారి. చేత్తో పంచుకునే ఆటలో గంటకు పాతికో ముప్పయ్యో పంపకాలు నడుస్తాయి, అంతకు మించి సాగవు. ఆ లెక్కన రెండున్నర నుంచి మూడు గంటలకు ఒకసారి అలాంటి జత చేతికొస్తుంది. మా టోర్నమెంటు మొత్తం నాలుగు గంటల్లో ముగిసిపోతుంది. మరి కుర్రాడు దేనికోసం ఆగాడు?

పైగా బ్లైండ్లు ఆగవు. పదిహేను నిమిషాలకోసారి పెరిగే ఆటలో ఒక్కో దశకు బల్ల చుట్టూ ఒక చుట్టు తిరుగుతుంది. 500, 1,000 దశలో ఇరవై వేలు ఉన్నాయంటే ఇరవై పెద్ద బ్లైండ్లు. ఆ చుట్టు అంతా పారేస్తూ కూర్చుంటే 2,500 పోయి 17,500 మిగులుతాయి. దశ 600, 1,200కు మారుతుంది. ఇంకో చుట్టు అలాగే గడిపితే 14,500. అప్పటికి బ్లైండ్లు 800, 1,600. ఇరవై బ్లైండ్ల మనిషి ఒక్క తప్పు కూడా చేయకుండా అరగంటలో తొమ్మిది బ్లైండ్ల మనిషి అయిపోయాడు. ఇక తొమ్మిది బ్లైండ్లతో చేయగలిగింది ఆసు-ఎనిమిది పట్టుకుని కళ్లు మూసుకుని తోసేయడమే. రాణులకు భయపడ్డ మనిషే ఆసు-ఎనిమిదితో ధైర్యవంతుడవుతాడు!

ఇప్పుడు ఆ చేతి లెక్క. మధ్యలో ఎదుటివాడి పద్దెనిమిది వేలు, బ్లైండ్లూ యాంటీ కలిపి 2,500, వెరసి 20,500. కాల్ చేయడానికి కుర్రాడు పెట్టవలసింది 18,000. వందకు 47 సార్లు గెలిస్తే చాలు, నష్టం లేదు. ఎదుటివాడు రాణులు, రాజులు, ఆసులు, ఆసు-రాజులతో మాత్రమే తోసేవాడైతే రాణుల జత గెలిచేది 40 సార్లే. అప్పుడు కుర్రాడు చేసింది రైటే, ఒప్పుకుంటాను. అదే మనిషి జాకీలతోనూ తోసేవాడైతే లెక్క 47 దగ్గరకు వచ్చి నిలుస్తుంది, అటూ కాదు ఇటూ కాదు. పదులనూ, ఆసు-రాణినీ కూడా కలిపితే 55కు చేరుతుంది. పద్దెనిమిది బ్లైండ్లు మిగిలిన మనిషి పదులు వస్తే పారేస్తాడా? ఆసు-రాణితో అంతా తోసేయకుండా ఉంటాడా? నేను చూసినంతలో ఇలాంటి ఆటల్లో తొమ్మిదులతో కూడా తోస్తారు, తోసేటప్పుడు కళ్లు మూసుకుంటారు కూడా. ఆసులు ఉన్నవాడే ఆ నిల్వతో రెండున్నర రెట్లు పెంచి, ఎవరైనా చిక్కుతారేమోనని అమాయకంగా సీలింగు ఫ్యాను వైపు చూస్తాడు.

జాకీల సంగతి ఇంత సులువుగా తేలదు, అక్కడ నా ఉత్సాహం కొంత తగ్గించుకోవాలి. అదే పద్దెనిమిది వేలకు ఎదురుగా జాకీలు ఉంటే, ఎదుటివాడు పదులు, ఆసు-రాణి దాకా తోసేవాడైనా గెలుపు 47 దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిదుల జత, ఆసు-జాకీ దాకా దిగజారే మనిషైతేనే 50 దాటుతుంది. కాబట్టి "పెద్ద జతలు" అని రాణులనూ జాకీలనూ ఒకే గాటన కట్టడం కుదరదు. రాణులతో కాల్ చేయడానికి మామూలు మనిషి ఎదురుంటే చాలు. జాకీలతో కాల్ చేయాలంటే ఎదుటివాడి గురించి ఏదో ఒకటి తెలిసి ఉండాలి.

కాఫీ తాగే రెయిజు

ఇక నేను నిజంగా భయపడే రెయిజు. కోరమంగళ వైపు ఒక క్లబ్బులో, ఉద్యోగం నుంచి విరమించిన కడప పెద్దాయన ఒకరు ఆడేవారు. మొదటి గంటలో ఆయన ఆడిన చేతులను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒకసారి మొదటి స్థానంలో కూర్చుని, రెయిజు చేయకుండా 200 మాత్రం పెట్టి ఊరుకున్నారు. తర్వాత ఒకతను 700కు పెంచాడు. ఇంకొకతను వెంట వచ్చాడు. తిరిగి పెద్దాయన వంతు వచ్చింది. స్టీలు గ్లాసు పక్కన పెట్టి, వందల చిప్పులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి 1,600 చేశారు. మళ్లీ గ్లాసు అందుకుని కాఫీ ఒక గుక్క తాగి, గోడ మీది టీవీలో వస్తున్న క్రికెట్టు చూస్తూ కూర్చున్నారు.

700కు పెంచిన కుర్రాడి చేతిలో రాణులు. "ఇంత చిన్నగా పెంచాడంటే ఏమీ లేదు" అనుకున్నట్టున్నాడు, ఇరవై వేలూ తోసేశాడు. పెద్దాయన గ్లాసు కూడా కింద పెట్టకుండా "కాల్" అన్నారు. ఆసులు. కుర్రాడు ఉండబట్టలేక, "అంకుల్, ఆసులుంటే అంత కొంచెమే పెంచుతారా?" అని అడిగేశాడు. "ఎక్కువ పెంచితే నువ్వు వస్తావా బాబూ?" అన్నారాయన.

మొదట ఊరికే పెట్టి, ఇంకొకరు పెంచాక తిరిగి పెంచడం, అదీ ఇప్పటిదాకా నోరు మెదపని మనిషి చేయడం అంటే చిన్న పందేల ఆటల్లో ఇంతకంటే స్పష్టమైన ప్రకటన ఇంకొకటి లేదు. అక్కడ రాణులను పారేస్తే నిగ్రహమని నేనూ ఒప్పుకుంటాను. విచిత్రమేమంటే అక్కడ ఎవరూ పారేయరు. రెయిజు చిన్నది కదా!

చిప్పులు లోతుగా, అంటే బ్లైండ్లతో పోలిస్తే చాలా ఎక్కువగా, ఉన్నప్పుడు మూడో రెయిజుదీ ఇదే తీరు. ఎదుటివాడు 1,800 చేశాడు, మీరు రాణులతో 5,000 చేశారు, అతను ఇరవై వేలూ తోశాడు. ఇంకా పెట్టవలసింది 15,000, మధ్యలో 25,300. వందకు 37 సార్లు గెలిస్తే సరిపోతుంది. ఎదుటివాడి దగ్గర ఆసులు, రాజులు, ప్రతి ఆసు-రాజూ ఉండవచ్చుననుకుంటే రాణులు 40 సార్లు గెలుస్తాయి, కాల్ చేయవచ్చు. ఆసు-రాజుతో అతను సగంసార్లే అలా తోస్తాడనుకుంటే గెలుపు 33కు పడిపోతుంది, పారేయాలి. నిర్ణయమంతా ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది: ఈ మనిషి ఆసు-రాజు పట్టుకుని నూరు బ్లైండ్లు తోయగలడా? మా బల్లల దగ్గర నెమ్మదస్తులు ఆసు-రాజుతో కాల్ చేసి ఫ్లాపు చూస్తారు, అంతే. కాబట్టి వాళ్ల మూడో రెయిజుకు నేను రాణులు కూడా పారేస్తాను. అది చూసి ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే నేను ముక్కలు చూపించను.

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం ఉంది. భయపు రెయిజు, బలపు రెయిజు అని నేను చేస్తున్న ఈ విభజన చూపించిన ముక్కల మీద ఆధారపడింది. పారేసిన చేతుల నిజం ఎవరికీ తెలియదు. పెద్ద రెయిజు చేసి అందరూ తప్పుకున్నాక ఆసులు చూపించేవాళ్లు తక్కువేమీ కాదు, తమ బాధ చెప్పుకోవడానికి చూపిస్తారు. జాకీలు చూపించేవాళ్లు గర్వంగా చూపిస్తారు. ఎవరు ఎందుకు చూపిస్తున్నారన్నదాన్ని బట్టి మన జ్ఞాపకం వంకర్లు పోతుంది. ఆసులు చిన్న జత మీద కూడా వందకు పద్దెనిమిది పందొమ్మిది సార్లు ఓడతాయి. ఆ ఓటములనే ఏళ్లతరబడి కథలుగా చెప్పుకుంటాం, గెలిచిన ఎనభై గుర్తుండవు. నా విభజన కూడా అలాంటి జ్ఞాపకాల పోగేనేమో. కాకపోతే పైన చెప్పిన లెక్కకు ఆ విభజనతో పనిలేదు. పద్దెనిమిది బ్లైండ్ల దగ్గర రాణులను నిలబెట్టడానికి ఎదుటివాడు పదులతో తోసేవాడైతే చాలు, అతని మనసులో భయం ఉందో లేదో నాకు అనవసరం.

నలుగురు మిగిలినప్పుడు

ఇంతవరకూ చిప్పులను డబ్బులాగే లెక్కపెట్టాను. టోర్నమెంటులో అవి డబ్బు కావు, ఈ విషయంలో మాత్రం పారేసేవాళ్ల పక్షాన బలమైన వాదనే ఉంది. మా ఆటే తీసుకోండి. ఇరవై మంది, తలా ఐదువందలు, మొత్తం పదివేలు. మొదటి బహుమతి 5,000, రెండోది 3,000, మూడోది 2,000. నలుగురు మిగిలారు, నలుగురి దగ్గరా సమానంగా చిప్పులున్నాయి అనుకుందాం. ఒక్కొక్కరి వాటా విలువ 2,500 రూపాయలు. ఇప్పుడు ఒకడు అన్నీ తోశాడు, మీరు కాల్ చేసి గెలిచారు. చిప్పులు రెట్టింపయ్యాయి గానీ మీ వాటా విలువ 5,000 కాలేదు, 3,833 అయింది. ఓడితే సున్నా. 1,333 లాభం కోసం 2,500 ఒడ్డుతున్నారన్నమాట. బ్లైండ్లను పక్కన పెడితే వందకు 65 సార్లు గెలిస్తే తప్ప గిట్టుబాటు కాదు.

అక్కడ నా వాదన తలకిందులవుతుంది. జాగ్రత్తపరుడి మీద 57 సార్లు గెలిచే రాజుల జతను కూడా లెక్క ప్రకారం పారేయాలి. పదులతో, ఆసు-రాణితో తోసేవాడైతే రాజులకు 68 వస్తుంది, కాల్ చేయవచ్చు. రాణుల పేరే ఎత్తక్కర్లేదు. బహుమతులన్నీ సమానంగా ఉండే పోటీల్లో, అంటే గెలిచిన పదిమందికీ పెద్ద టోర్నమెంటు టికెట్టు ఒక్కటే ఇచ్చేచోట, పదకొండు మంది మిగిలి మీ దగ్గర చిప్పులు పుష్కలంగా ఉంటే ఆసులను పారేయడం కూడా సబబే. ఆసుల జతకు నేను మినహాయింపు ఇచ్చేది ఆ ఒక్క చోటే.

అయితే నెల్లూరు మిత్రుడు ఈ లెక్కను పట్టుకుని మొదటి గంటకు కూడా వర్తింపజేస్తాడు. "టోర్నమెంటులో ప్రాణం ఒక్కటే" అంటాడు. ఇరవై మందిలో పద్దెనిమిది మంది మిగిలి ఉండగా బహుమతి ఎక్కడో ఉంది, అప్పుడు చిప్పుల విలువకూ డబ్బు విలువకూ మధ్య తేడా చాలా తక్కువ. పైగా మొదటి గంటలో ఓడితే మళ్లీ ఐదువందలు కట్టి కూర్చోవచ్చని మా నియమాల్లోనే ఉంది. అది ఉన్నంతసేపూ ప్రాణం ఒక్కటే ఎలా అవుతుంది? ఇంకో సంగతి కూడా ఆయన మరిచిపోతాడు. నలుగురు మిగిలినప్పుడు 65 కావాలన్న నియమం కాల్ చేసేవాడికే. ముందు తోసేవాడికి అందరూ పారేస్తారన్న లాభం ఉంది. అక్కడ రాణులు వస్తే ఎదుటివాడు తోసేదాకా ఆగకుండా మీరే తోయాలి. రెయిజు చేయడానికి సరిపోయే చేయి, రెయిజును కాల్ చేయడానికి సరిపోదన్న పాత సూత్రం ఇక్కడ అచ్చంగా పనిచేస్తుంది. దాన్ని నేను కాదనను. మొదటి గంటలో, పద్దెనిమిది బ్లైండ్ల దగ్గర, తొమ్మిదులతో తోసే మనిషి ఎదురుగా ఉండగా ఆ సూత్రం వల్లించడమే నాకు నచ్చనిది.

చివరగా నా సిద్ధాంతానికి ఈ మధ్య వచ్చిపడిన చిక్కు. 2025 ఆగస్టు చట్టంతో ఆన్‌లైన్ డబ్బు ఆటలు ఆగిపోయాక, అక్కడ ఆడి ఆరితేరిన కుర్రాళ్లు కొందరు మా బల్లల దగ్గరకు వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లు ఆసులకూ, జాకీలకూ, ఒక్కోసారి ఐదు-ఆరుకూ ఒకటే కొలత పెంచుతారు, ఒకటే వేగంతో చిప్పులు తోస్తారు, కాఫీ తాగరు. మొదటి రెయిజు పెద్దదైనా, మూడోది చిన్నదైనా వాళ్ల విషయంలో నాకు కబురేమీ అందదు. వాళ్లు ఎదురుగా ఉన్నప్పుడు మనిషిని చదవడం మానేసి బ్లైండ్లు మాత్రమే లెక్కపెడుతున్నాను. ఇరవై లోపు ఉంటే రాణులు, జాకీలు రెండింటితోనూ కాల్ చేస్తున్నాను, ఎందుకంటే ఆ నిల్వ దగ్గర వాళ్లు ఎనిమిదులు, ఆసు-జాకీ దాకా తోస్తారు. నూరు బ్లైండ్ల లోతులో మూడో రెయిజుకు రాణులతో ఏం చేయాలన్నది వాళ్ల దగ్గర ఇంకా తేల్చుకోలేదు. వాళ్లు ఆసు-రాజును ప్రతిసారీ తోస్తారని నెల్లూరు మిత్రుడు అంటాడు. అదే నిజమైతే లెక్క 40 వైపు మొగ్గుతుంది, కాల్ చేయాల్సిందే. పారేయడమే తెలివి అన్న పక్షంలో ఉంటూ ఈ మాట అంటున్నది ఆయనే మరి.